రెండు కిటికీల వాల్వు

మా మామయ్య పోయారు. ఈ ఒక్క వాక్యం రాయడానికి కూర్చున్నాను, లేచాను, మళ్ళీ కూర్చున్నాను. మధ్యలో వంటింట్లోకి వెళ్ళి, కారని నల్లాను ఒకసారి బిగించి వచ్చాను. ఆయన ఉంటే నవ్వేవారు. కారని నల్లాను ఊరికే బిగిస్తూ పోతే వాషరు నలిగి కారడం మొదలవుతుందని చెప్పింది ఆయనే.

కబురు తెలిసేటప్పటికి నేను సూర్యాపేట బస్టాండులో ఉన్నాను. మిర్యాలగూడ బస్సులో కూర్చున్నాను. ఒళ్ళో గోనెసంచి, అందులో ఆయన చెప్పిన కొలతలకు పెద్ద లేతు మీద చెక్కించి తెస్తున్న ఇనుప దిమ్మె. మా ఆయన ఫోన్ చేశాడు.

"నాయిన లేడే. షెడ్డుల కుర్చీల కూసున్నోడు కూసున్నట్టె ఒరిగిండు. డాక్టరొచ్చి సూసి లేడన్నడు. నువ్వు జల్ది రా."

"బస్సులోనే ఉన్నా," అన్నాను. బస్సేమో కదలదు. డ్రైవరు కింద నిలబడి టీ తాగుతున్నాడు. దిగి అతని దగ్గరికి వెళ్ళి "అన్నా, పోదామా" అన్నాను. "టైముందమ్మా," అన్నాడు. ఎక్కాను, మళ్ళీ దిగాను. చివరికి బస్సు కదిలాక, సీటుండి కూడా దారి పొడవునా నిలబడే వచ్చాను. కూర్చుంటే బస్సు నెమ్మదిగా పోతున్నట్టు అనిపించింది.

ఇంటికి చేరేసరికి టెంటు వేసి ఉంది, జనం ఉన్నారు. అత్త వరస అయ్యే ఒకామె నా సంచి అందుకోబోయి బరువుకు వదిలేసింది. "ఇదేందే, గింత బరువున్నది?" అంది. "మామయ్య పని," అని దాన్ని షెడ్డులోకి మోసుకెళ్ళి బల్ల మీద పెట్టాను. ఆ తరువాతే ఆయన దగ్గరికి వెళ్ళాను. చూసినవాళ్ళు ఏమనుకున్నారో తెలియదు. ఆయన పంపిన పని పూర్తి చేసుకుని వచ్చాను, తెచ్చానని చెప్పుకోవడానికి మనిషి లేడు. అప్పుడొచ్చింది ఏడుపు.

చదివేవారికి ఆయన తెలియదు గనుక కొంత చెప్పాలి. మిర్యాలగూడలో రైసుమిల్లులకు వెళ్ళే దారిలో మాదొక రేకుల షెడ్డు. వాల్వులు బాగుచేస్తాం, అడిగినవారికి కొత్తవి చేసిస్తాం. ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలరు ఉంటుంది, వడ్లు నానబెట్టే ట్యాంకులు వరుసగా ఉంటాయి. ఆవిరి ఏ ట్యాంకులోకి పోవాలి, వేడినీళ్ళు ఎటు మళ్ళాలి, ఎక్కడ ఆగాలి, ఇవన్నీ వాల్వు చేతిలో ఉంటాయి. అది బాగున్నన్నాళ్ళూ దాని మొహం ఎవరూ చూడరు. చెడితే మాత్రం మిల్లంతా వచ్చి మా షెడ్డు ముందు నిలబడుతుంది. మామయ్య జీవితమంతా ఆ పనే. మా ఆయనకు అది పడలేదు, మిల్లులో సూపర్‌వైజరుగా చేరాడు. కోదాడ నుంచి కోడలిగా వచ్చిన నేను, డిప్లొమా చదివినదాన్ని, ఆ షెడ్డులో తేలాను.

ఆయన కుర్చీలో పోయారంటే నాకు నమ్మకం కలగలేదు. ఆయన కుర్చీలో కూర్చోవడమే ఒక వింత. అన్నం సగం నిలబడే తినేవారు. టీవీలో వార్తలు గుమ్మం దగ్గర నిలబడి వినేవారు, ఏ క్షణంలోనైనా వెళ్ళిపోయేవారిలా. పెళ్ళికి వెళితే అక్షింతలు వేయడం, వంటల వైపు నడవడం, అక్కడ నల్లాలు చూడటం. చొక్కా జేబులో ఎప్పుడూ నాలుగు వాషర్లు ఉండేవి. "మీ మామ పెండ్లికొచ్చిండా, నల్లా కాడికొచ్చిండా?" అని చుట్టాలు నన్ను ఆటపట్టించేవారు.

నా పెళ్ళిచూపులకు కోదాడ వచ్చినప్పుడూ అదే వరస. మా ఇంట్లో అందరూ సర్దుకుని కూర్చున్నారు. పెళ్ళికొడుకు తండ్రి మాత్రం చేతులు కడుక్కుని వస్తానని పెరట్లోకి వెళ్ళి తిరిగి రాలేదు. మా నాన్న కంగారుపడి, వేరే ఎవరూ దొరకనట్టు నన్నే పంపాడు. వెళ్ళి చూస్తే ఆయన మా పెరటి నల్లా ముందు గొంతుక్కూర్చుని ఉన్నారు.

"బిడ్డా, ఇంట్ల పానా ఉన్నదా?" అన్నారు.

పానా తెచ్చిచ్చాను. నీళ్ళు కారకుండా నల్లా మరలకు చుట్టే నార కావాలా అని కూడా అడిగాను. ఆయన తల తిప్పి నన్ను ఎగాదిగా చూశారు. పట్టుచీర కట్టుకున్న పిల్ల నార సంగతి అడుగుతుందని అనుకోలేదు కాబోలు. నల్లా బాగయ్యాక లోపలికి వచ్చి, ఎవరినీ ఏమీ అడక్కుండా "మాకు ఇష్టమే," అనేశారు. అప్పటికి మా ఆయన నన్ను సరిగా చూడనే లేదు. నిన్ను నాయిన చూసి తెచ్చుకున్నాడు, నేను కాదు అని ఇప్పటికీ ఎత్తిపొడుస్తాడు.

నా మాట తీరు ఆయనకు తమాషాగా ఉండేది. "చేశానండి, వచ్చానండి అనకు బిడ్డా. నాకు కలెక్టరాఫీసుల నిలవడ్డట్టుంటది," అనేవారు. నేను మార్చుకోలేదు, ఆయనా మార్చుకోలేదు. షెడ్డుకు వచ్చినవాళ్ళకు మా ఇద్దరి మాటలు వినడమే కాలక్షేపం.

వాల్వు లోపల తిరిగే దిమ్మెకూ, అది కూర్చునే గూటికీ మధ్య వెంట్రుకంత సందు కూడా ఉండకూడదు. అది తెలుసుకోవడానికి దిమ్మెకు నీలం పేస్టు పల్చగా పూసి, గూట్లో పెట్టి తిప్పి తీస్తాం. గూట్లో రంగు అంటిన చోట దిమ్మె ఆనుతోందని, అంటని చోట నీళ్ళు కారతాయని అర్థం. గరుకు పేస్టు వేసి అరగదీయాలి, మళ్ళీ రంగు పూయాలి, మళ్ళీ చూడాలి. పొద్దంతా కాలు నిలవని మనిషి ఈ పని దగ్గర మాత్రం నెమ్మదించేవారు. అప్పుడు కూడా చేతులే నెమ్మదించేవి. బల్ల కింద ఒక పాదం నేలను తడుతూనే ఉండేది. నాకు ఓపిక చాలేది కాదు.

"ఇక చాలు మామయ్యా. సరిపోయింది కదా."

"నీకు సరిపోయింది. నీళ్ళకు సరిపోయిందా అడుగు."

ఆయన చొక్కాలన్నిటికీ ఆ నీలం మరకలే. అత్తమ్మ ఉన్న రోజుల్లో వాటిని ఉతికి ఉతికి విసిగిపోయి, చివరికి నీలం రంగు చొక్కాలే కొనడం మొదలుపెట్టిందట. ఆమె పోయాక కూడా ఆయన వేరే రంగు కొనుక్కోలేదు.

ఒకసారి ఒక మిల్లులో ట్యాంకు వాల్వు బిగుసుకుపోయిందంటే ఇద్దరం వెళ్ళాం. పని చేస్తూ చేస్తూ ఆయన బాయిలరు వైపు చూశారు. బాయిలరుకు సేఫ్టీ వాల్వు అని ఒకటి ఉంటుంది. లోపల ఆవిరి మితిమీరితే అది తనంతట తానే తెరుచుకుని బయటికి వదిలేస్తుంది, లేకపోతే బాయిలరు పేలిపోతుంది. సీజను రోజులు, వడ్ల లారీలు బయట బారులు తీరి ఉన్నాయి. ఆవిరి ఊరికే పోతోందని ఎవరో ఆ వాల్వు తెరుచుకోకుండా దాని చేతికి ఇనుప ముక్క వేలాడదీసి తీగతో కట్టేశారు. మామయ్య చేతిలో పని కింద పెట్టేశారు.

"ముందుగాల మంట తగ్గించున్రి," అన్నారు.

ఓనరు వచ్చాడు. "పెద్దాయనా, నిన్ను పిలిచింది ట్యాంకు వాల్వుకు. దాని జోలికి నువ్వెందుకు పోతున్నవ్? పొద్దస్తమానం ఊకె కూత పెడ్తున్నదది."

"మొత్తుకునుడే దాని పని. మొత్తుకుంటున్నదని నోరు కడ్తరా?"

ఓనరు కోప్పడ్డాడు, పని అక్కర్లేదు పొమ్మన్నాడు. మామయ్య పోలేదు. బాయిలరు పక్కనే అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టారు. ఆయన తిరుగుతుంటే అక్కడి పనివాళ్ళు ఒక్కొక్కరే దూరం జరిగారు. వడ్లు మోసేవాళ్ళు కూడా ఆగి చూస్తున్నారు. చివరికి ఓనరే మంట తగ్గించమని చెప్పి, ఆ ముక్క తీయించాడు. తీయగానే ఆవిరి ఒక్క పెట్టున లేచి మిల్లంతా తెల్లగా కమ్మేసింది. ఎదుటి మనిషి కనిపించలేదు. ఇంటికి వస్తుంటే బండి మీద వెనక కూర్చున్న మామయ్య మాటిమాటికీ మిల్లు వైపు తిరిగి చూశారు. తరువాత అన్నారు: "చెడిపోయిన వాల్వును మనం బాగుచేస్తం బిడ్డా. మంచిగున్నదాన్ని మనిషే పని చెయ్యనియ్యకపోతె ఏం చెయ్యాలె?"

ఇదంతా చెబుతున్నది అసలు సంగతికి రావడానికే, ఇంకా ఆలస్యం చేస్తే నాకే చిరాకుగా ఉంది. నిడమనూరు దగ్గర ఒక ఊరు. పేరు వద్దు, మేం మళ్ళీ అక్కడికి వెళ్ళాలి. ఊరికీ, పక్కన మెరక మీద ఉన్న తండాకూ కలిపి ఒకటే మంచినీళ్ళ ట్యాంకు. ట్యాంకు కింద గుంతలో పైపు రెండుగా చీలుతుంది. ఊరికి ఒకటి, తండాకు ఒకటి, దేని వాల్వు దానికి. నీళ్ళు వదిలే మనిషి పేరు యాదయ్య. ముందు ఊరి వాల్వు తిప్పుతాడు, ఊరు పట్టుకున్నాక తండాది తిప్పుతాడు. అప్పటికి ట్యాంకులో మిగిలేది అడుగు నీళ్ళు, ఎండాకాలం అవీ ఉండవు. యాదయ్య చెడ్డవాడు కాదు. గుంత చుట్టూ ఎవరు నిలబడితే వాళ్ళ మాట వింటాడు. ఊరు దగ్గర గనుక ఎప్పుడూ నిలబడేది ఊరివాళ్ళే.

తండా వార్డు మెంబరు కమ్లి. మిల్లుల్లో పనిచేసిన రోజుల నుంచి మామయ్యను ఎరుగును. ఒకనాడు మా షెడ్డుకు వచ్చింది.

"పెద్దయ్యా, గా వాల్వుకు ఏమన్న ఉపాయం చెయ్యరాదు. పొలాలల్ల బాయిల కాడికి పోతె మమ్ముల సూసి మోటరు బంద్ చేస్తున్నరు. పొద్దంత బిందె పట్టుకొని తిరుగుడె అయితుంది. కైకిలి పనికి పోవుడెప్పుడు, వండుడెప్పుడు?"

ఆయన ఆమెకు కుర్చీ చూపించి, తాను నిలబడే ఉన్నారు. "చేస్త," అన్నారు, అంతే.

ఆ రెండు వాల్వుల చోట ఒకే వాల్వు చేశారు. హ్యాండిల్ ఎటు తిప్పినా, రెండో వైపు పూర్తిగా మూసుకోదు, కొంత తెరిచే ఉంటుంది. రోజూ గొడవలతో పంచాయతీవాళ్ళూ విసిగి ఉన్నారు, పెట్టనిచ్చారు. కొన్నాళ్ళు బాగా నడిచింది. కమ్లి ఫోన్ చేసి నీళ్ళ చప్పుడు వినిపించింది కూడా. తరువాత ఎవరో పొలానికి మట్టి తోలుతుంటే జేసీబీ తగిలి తండా పైపు పగిలింది. ఆపుదామంటే వాల్వు మూసుకోదు. ట్యాంకులో నీళ్ళన్నీ చేలోకి పోయాయి, తండాకూ లేవు, ఊరికీ లేవు. ఊరివాళ్ళు వాల్వును ఊడబీకి, ట్రాలీలో తెచ్చి మా షెడ్డు ముందు పడేసి పోయారు.

మామయ్య దాని చుట్టూ తిరిగారు. ఊరివాళ్ళను తిడతారని ఎదురుచూశాను. తిట్టలేదు.

"కోపంల చేసిన వాల్వు బిడ్డా ఇది. ఎవడు మూస్తడో సూస్త అన్న కోపంల, మూసుడే మర్సిపోయిన," అన్నారు.

రెండోది అలా మొదలైంది. ఈసారి హ్యాండిల్ తిప్పితే రెండు వైపులా కలిసి తెరుచుకోవాలి, కలిసి మూసుకోవాలి. తండాకు ఆపితే ఊరికీ ఆగుతుంది. ఎవరి పైపు పగిలినా ఇద్దరూ ఓపిక పట్టాలి. కానీ ఊరు దగ్గర, పల్లంలో ఉంది. తండా దూరం, మెరకలో ఉంది. రెండిటికీ సమానంగా తెరిస్తే పల్లం వైపు పైపు నీళ్ళను గుంజుకుంటుంది. అందుకని దిమ్మెలో నీళ్ళు పోయే కంతలను, వాటిని మేం కిటికీలంటాం, ఊరి వైపు సన్నగా, తండా వైపు వెడల్పుగా చేయాలి. ఎంత సన్నం, ఎంత వెడల్పు అన్నది నేను లెక్క కట్టాను. ఆయన షెడ్డు వెనక పైపులు పరిచి, ఒకటి ఎత్తులో, ఒకటి పల్లంలో పెట్టి బిందెలతో పట్టి చూశారు. "నీ లెక్క నా బిందెలకు కుదిరింది," అన్నారు. ఆ రోజు నాకు గాలిలో తేలినట్టుంది.

తప్పు ఆ తరువాత జరిగింది. వాల్వులో ఏముందో తెలియకే మొదటిది పీకేశారు, ఈసారి ముందే విప్పి చూపిద్దాం అన్నారు మామయ్య. తీసుకెళ్ళి పంచాయతీ ఆఫీసులో బల్ల మీద పెట్టి, దిమ్మె బయటికి తీశాం. వార్డు మెంబర్లు, ఊరి పెద్దలు, యాదయ్య, కమ్లి అందరూ చుట్టూ చేరారు. ఒక పెద్దాయన ముందు ఒక కిటికీలో వేళ్ళు పెట్టాడు, తరువాత రెండోదాంట్లో పెట్టాడు.

"ఏది మాది?"

మామయ్య చూపించారు.

"మాది సన్నగున్నది. తండోళ్లది ఎడల్పున్నది. గిదేం న్యాయం?"

పల్లం గురించి ఆయన చెప్పారు, దూరం గురించి నేను చెప్పాను. గోడ మీద సుద్దతో గీసి చూపించాను. ఎవరూ గోడ వైపు చూడలేదు, అందరి చూపూ ఆ కంతల మీదే. వాళ్ళను తిట్టుకుని ఏం లాభం, కంటికి కనిపిస్తున్నది అదే. సర్పంచి తీర్పు చెప్పినట్టు చెప్పాడు: "రెండు ఒక్కతీరు ఉండాలె. గట్లయితెనే పెట్టనిస్తం. ఎండలు ముదరకముందే తేవాలె. లేకుంటె పాత లెక్కనే రెండు వాల్వులు పెట్టిస్తం."

"ఒక్కతీరు పెడితె మాకు సుక్క రాదు," అంది కమ్లి. సర్పంచి అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు.

అక్కడి నుంచి మామయ్యకు అసలే నిలకడ లేకుండా పోయింది. పని మధ్యలో లేచి బస్సెక్కి ఆ ఊరికి పోయేవారు. ఏం చేస్తున్నారని కమ్లిని అడిగితే, "ఏం లేదు, ట్యాంకు కింద నిలవడి పైకి సూస్తున్నడు," అంది. ఇంట్లో ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయేవారు. ఒక సాయంత్రం షెడ్డు ఊడుస్తున్న నా దగ్గరికి వచ్చారు.

"బిడ్డా, రేపు సూర్యాపేట పోయి కొత్త దిమ్మె చెక్కించుకురా. మన లేతు మీద గది కాదు. కిటికీలు రెండు ఒక్కతీరు కోయించు."

చీపురు కింద పడేశాను. "అంటే ఒప్పేసుకున్నారా మామయ్యా? మరి తండావాళ్ళకు ఏం చెబుతారు?"

ఆయన నవ్వారు. "ముందుగాల పోయి చెక్కించుకురా. మిగతాది వచ్చినంక చెప్త."

ఆ మిగతాది నాకు మిగల్లేదు. దినాలు జరుగుతున్నన్ని రోజులూ ఇంటి నిండా చుట్టాలు. వడ్డిస్తూ వడ్డిస్తూ షెడ్డులోకి వెళ్ళేదాన్ని, దిమ్మెను తిప్పి చూసేదాన్ని, ఎవరో పిలిస్తే వచ్చేదాన్ని. కిటికీలు రెండూ ఒక్కతీరుగా, అందంగా ఉన్నాయి. నాకు ఒళ్ళు మండేది. చేతగాక లొంగిపోయారా, లేక మనసులో ఇంకేదైనా ఉందా? ఆయనతో లోపల్లోపల పోట్లాడేదాన్ని. ఎదుట ఉండి పోట్లాడితే కనీసం తిరిగి ఒక మాట అనేవారు. మా ఆయనను అడిగితే, "నాయిన నాకెప్పుడన్న చెప్పిండా?" అని తలుపు దగ్గర నిలబడి, వాళ్ళ నాన్నలాగే గడపను పాదంతో తట్టాడు.

పెద్దకర్మ నాడు కమ్లి తండా ఆడవాళ్ళతో వచ్చింది. దండం పెట్టుకున్నారు, తిన్నారు. చేయి కడుక్కుంటూ అడిగింది.

"అక్కా, పెద్దయ్య ఏమన్న చెప్పిండా?"

"రెండు కిటికీలూ ఒకేలా కోయించమన్నారు."

"గట్లన్నడా," అంది. గొడవ పడుతుందేమో అనుకున్నాను. పడలేదు, కొంగుతో చేయి తుడుచుకుని వెళ్ళిపోయింది. గొడవ పడినా బాగుండేది. అదే రోజు సర్పంచి ఫోన్: "పెద్దాయన మా మాట మన్నించిండంట గద. తెచ్చి బిగించున్రమ్మా." బిగిస్తే తండా ఎండుతుంది. బిగించనంటే పాత వాల్వులొస్తాయి, అప్పుడూ ఎండేది తండాయే. ఎటు తిప్పినా మూతపడే వాల్వులా ఉంది నా పరిస్థితి.

మర్నాడు రేకుల పని చేసే చాచా టీవీఎస్ మీద వచ్చాడు. బండి వెనక రెండు పెద్ద గరాటులు కట్టి ఉన్నాయి. అంతంత గరాటులు నేనెప్పుడూ చూడలేదు, ఒక్కోదాంట్లో చంటిపిల్లను కూర్చోబెట్టవచ్చు.

"పెద్దాయన చెయ్యమన్నడమ్మా. జల్ది కావాలన్నడు. నాకు జ్వరమొచ్చి లేటయింది. ఇప్పుడు ఎవలకియ్యాలె ఇవి?" అని అక్కడే నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏ పనికో చెప్పారా చాచా?"

"నేను గదే అడిగిన. నీళ్ళు అందరికి కనవడాలె అన్నడు. గంతే."

గరాటులను బల్ల మీద దిమ్మెకు చెరో వైపు పెట్టాను. షెడ్డులో అటూ ఇటూ తిరిగాను. మీరెవరైనా చూసి ఉంటే మామయ్యే తిరుగుతున్నారనుకునేవారు. నీళ్ళు కనపడాలంటే పైపులో ఉండకూడదు, బయట పడాలి. బయట పడితే ఏమవుతుంది? అక్కడ ఆగిపోయాను. పల్లంలో ఉన్న పైపు నీళ్ళను గుంజుకునేది వాల్వుతో కలిసి ఉన్నంతవరకే. మధ్యలో తెంపేసి, నీళ్ళు వాల్వు నుంచి ఖాళీలో కిందికి పడి, గరాటులో చేరి, అక్కడి నుంచి పైపులోకి పోతే ఏ పల్లమూ వాల్వు దాకా చేయి చాపలేదు. అప్పుడు రెండు కిటికీలూ ఒక్కతీరుగా ఉంటే నీళ్ళూ ఒక్కతీరుగానే పడతాయి. కాకపోతే ఇది గుంతలో కుదరదు, తండా కన్నా ఎత్తులో ఉండాలి. ట్యాంకు మెట్లకు సగంలో ఒక సిమెంటు అరుగు ఉంది. ఆయన కింద నిలబడి పైకి చూసింది దాన్నేనేమో.

ఆయన చెప్పాలనుకున్న మిగతాది ఇదేనో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన ఉంటే, ఇంత ఆలోచించావా, నేననుకున్నది వేరే అనేవారేమో. అడగడానికి లేరు, నాకు ఆగే ఓపికా లేదు.

కిటికీలు ఒక్కతీరుగా ఉంటే వాల్వును అరుగు మీద పెట్టుకోమన్నాడు సర్పంచి, పైపులను అక్కడిదాకా ఎక్కించాం. బిగించే రోజు మా ఆయన మిల్లుకు సెలవు పెట్టి వచ్చాడు. షెడ్డు పనికి ఆయన రావడం అదే మొదలు. మెట్లెక్కి, చేయి చాపి "పానా ఇయ్యి," అన్నాడు. వాళ్ళ నాన్న గొంతే. నేను మొహం పక్కకు తిప్పుకుని ఇచ్చాను. వాల్వు మూత బిగించే ముందు సర్పంచి పైకి వచ్చి రెండు కిటికీల్లోనూ వేళ్ళు పెట్టి చూసుకున్నాడు. "ఒక్కతీరుగనె ఉన్నయి," అని కిందున్న వాళ్ళకు చెప్పాడు.

యాదయ్య హ్యాండిల్ తిప్పాడు. రెండు ధారలు పక్కపక్కన దూకాయి. ఊరి గరాటు నీళ్ళను గుటగుటా మింగింది. తండా గరాటు మాత్రం నిండింది, అంచు దాకా వచ్చింది, పొర్లి కింద నిలబడ్డవాళ్ళ మీద పడింది.

"సూసినవా అమ్మా? వాళ్ళకు ఎక్కువయ్యి కారిపోతున్నది," అన్నాడు సర్పంచి.

కమ్లికి ఫోన్ చేశాను. ఆమె తండా నల్లా దగ్గర ఉంది. "గాలొస్తుందక్కా. ఒట్టి గాలే."

నీళ్ళు పొర్లుతూనే ఉన్నాయి. యాదయ్య హ్యాండిల్ మీద చేయి వేసి, "ఆపమంటవా?" అన్నాడు. ఆపితే ఊరికీ ఆగుతుంది, ఆగితే ఈ అరుగు మీదికి మమ్మల్ని ఇంకోసారి రానివ్వరు. ఇన్నాళ్ళూ ఎండిన పైపు, మెరక మీదికి ఎక్కాలి, లోపల గాలి ఇరుక్కుని ఉంటుంది. నీళ్ళు దాన్ని తోసుకుని పోవాలి. "ఆగండి," అన్నాను. ఎంతసేపని అడిగాడు సర్పంచి. నాకు తెలిస్తే గదా. మా ఆయన గరాటు అంచు పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. అప్పుడు గరాటు అడుగు నుంచి పెద్ద బుడగ ఒకటి లేచి పగిలింది. ఇంకొకటి లేచింది. నీటి మట్టం కిందికి జారడం మొదలైంది, పొర్లడం ఆగింది. ఫోనులో కమ్లి గొంతు లేదు. బిందెలో నీళ్ళు పడుతున్న చప్పుడు, వాళ్ళ భాషలో ఆడవాళ్ళ కేకలు వినిపించాయి. ఫోను చెవి దగ్గర పెట్టుకుని, సర్పంచి ముందే ఏడ్చేశాను. మామయ్యా అని పైకే పిలిచానని మా ఆయన తరువాత చెప్పాడు.

సాయంత్రం అయ్యేసరికి కమ్లి తండా నుంచి నడిచి వచ్చింది. ఎవరినీ అడక్కుండా మెట్లెక్కి అరుగు మీదికి చేరింది. కింద ఊరివాళ్ళు తలలెత్తి చూస్తున్నారు. వాల్వుకూ గరాటులకూ మధ్య ఉన్నది జానెడు ఖాళీ. ఆ జానెడు మేరలో నీళ్ళు ఊరివీ కావు, తండావీ కావు. కమ్లి రెండు చేతులూ చాపి, ఒక్కో ధార కింద ఒక్కో అరచేయి పెట్టింది. కళ్ళు మూసుకుంది. బరువు చూస్తున్నట్టు, రెండు చేతులనూ చాలాసేపు అలాగే ఉంచింది.